నేను దొంగ అన్నానా? స్లిప్పులు అన్నాను!

మేనకోడలు: నమస్కారం. వెనక ఫ్యాన్ చప్పుడు వినిపిస్తే ఏమీ అనుకోకండి. ఆపితే మా మావయ్య లేచి వెళ్ళిపోతానంటున్నారు, విశాఖ ఉక్కపోత మీకు తెలిసిందే. మావయ్యా, మొన్నటి అపార్ట్‌మెంట్ మీటింగ్ సంగతి చెప్పండి.

మావయ్య: ఏముందమ్మలూ. ఎండాకాలం బోరు ఎండిపోయింది. రెండు నెలలు ట్యాంకర్లు తెప్పించాం, ఫ్లాట్‌కి 4 వేలు కట్టాం. ఎన్ని ట్యాంకర్లు వచ్చాయి, స్లిప్పులున్నాయా అని అడిగాను. అంతే.

మేనకోడలు: ట్రెజరర్ గారు ఏమన్నారు?

మావయ్య: లేచి నిలబడ్డారు. కళ్ళజోడు తీసి తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నారు. "పదేళ్ళుగా పైసా తీసుకోకుండా చేస్తున్నా. మా ఆవిడ ఆస్పత్రిలో ఉన్నప్పుడు కూడా రాత్రి రెండింటికి వచ్చి మోటారు వేశాను. ఇవాళ నన్ను దొంగని చేశారు" అన్నారు. గొంతు పూడుకుపోయింది. నేను దొంగ అన్నానా? స్లిప్పులు అన్నాను! సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్న వాళ్ళంతా నా వైపు ఒక చూపు చూశారు. మూడో అంతస్తు ఆవిడైతే "పెద్దాయన్ని ఏడిపించారు కదండీ" అంది. నాకూ 68, నేను పెద్దాయన్ని కానా?

మేనకోడలు: (నవ్వు) మరి స్లిప్పులు?

మావయ్య: ఆ ఊసే మర్చిపోయారు. నేనే సారీ చెప్పి కూర్చున్నా.

మేనకోడలు: ఆయన అబద్ధమాడారని కాదు. మోటారు వేసిన మాట నిజమే అయుంటుంది. కానీ మీరు ట్యాంకర్లు ఎన్ని అన్నారు, ఆయన తను ఎంత మంచివాడో చెప్పారు. ఇక అక్కణ్ణించి లెక్క అడగడమే పాపమైపోయింది. దేశాల మధ్య కూడా ఇదే జరిగింది తెలుసా? 1990 అక్టోబర్ 10. ఇరాక్ కువైట్‌ని ఆక్రమించి రెండు నెలలు. అమెరికాలో కాంగ్రెస్ సభ్యుల బృందం ముందు నయీరా అనే 15 ఏళ్ళ పిల్ల ఏడుస్తూ సాక్ష్యం చెప్పింది. ఇరాక్ సైనికులు ఆస్పత్రిలో ఇంక్యుబేటర్లలోంచి పసిపిల్లల్ని తీసి చల్లటి నేల మీద వదిలేశారని. ప్రెసిడెంట్ బుష్ ఆ కథ పదే పదే చెప్పారు. 1992లో బయటపడింది, ఆ అమ్మాయి అమెరికాలో కువైట్ రాయబారి కూతురని. ఆ ప్రచారం వెనక హిల్ అండ్ నోల్టన్ అనే పీఆర్ కంపెనీ ఉంది. ఇంక్యుబేటర్ల కథకి ఆధారం దొరకలేదు.

మావయ్య: అప్పుడు ఎవరూ అడగలేదా?

మేనకోడలు: పసిపిల్లలు చచ్చిపోయారంటుంటే "ఎంతమంది, ఇంకెవరు చూశారు" అని అడగడానికి నోరెలా వస్తుంది? అడిగినవాడు రాక్షసుడు అయిపోడూ? ఆక్రమణ నిజం, అక్కడి జనం పడ్డ బాధలు నిజం. ఆ నిజాల పక్కన ఇదీ నిజంలాగే కనిపించింది. మావయ్యా, కోప్పడనంటే ఒకటి చెప్తా. స్టీల్‌ప్లాంట్ మాటొస్తే మీరూ ట్రెజరర్ గారే.

మావయ్య: అదేటి! ముప్పై ఏళ్ళు చేశానే అందులో. 1966లో 32 మంది ప్రాణాలిచ్చారు దానికోసం!

మేనకోడలు: చూశారా! 2021లో కేంద్రం వంద శాతం వాటా అమ్మేస్తామన్నప్పుడు, మా క్లాస్‌మేట్ ఇంటికొచ్చి "మరి నష్టాల సంగతేంటి అంకుల్" అంటే ఇదే చెప్పారు.

మావయ్య: (కాసేపు ఆగి) గనుల సంగతి చెప్పాల్సింది. మాకు సొంత ఇనుప గనులు లేవు, ఖనిజం బయట కొనుక్కోవాలి. సొంత గనులున్న ప్లాంటుకి ముడిసరుకు ఖర్చు ఎంత తక్కువ పడుతుందో నాకు నోటికి వచ్చు. అయినా ఆ రోజు ఆ లెక్క నోట్లోంచి రాలేదు.

మేనకోడలు: వాడేమన్నాడు?

మావయ్య: ఏమీ అనలేదు. కాఫీ తాగి వెళ్ళిపోయాడు. ఒప్పుకున్నాడనుకున్నా.

మేనకోడలు: ఆదివారం మళ్ళీ మీటింగ్ కదా?

మావయ్య: అవును. ఈసారి ముందు ఆయనకి శాలువా కప్పుదామనుకుంటున్నా, మోటారు వేసినందుకు. వెటకారం కాదు, నిజంగానే. అదయ్యాక స్లిప్పులు అడుగుతా.

మేనకోడలు: శాలువా డబ్బులు ఎవరివి?

మావయ్య: అసోసియేషన్‌వే. బిల్లు నా జేబులోనే ఉంటుంది.