జకార్డు అట్ట నేర్పిన సబ్జెక్టులు

అమ్మాయిలూ, అబ్బాయిలూ, అందరికీ నమస్కారం. డిగ్రీలో సబ్జెక్టులు ఎలా ఎంచుకోవాలో ఈ రోజు మాట్లాడుకుందాం.

మాది ధర్మవరం. నాకు లెక్కలంటే ఇష్టం పుట్టింది మా ఇంటి మగ్గం దగ్గర. పైన నేతలో బొమ్మలు పడేలా చేసే జకార్డు పెట్టె, దానికి దండలా వేలాడే అట్టలు. అట్టలో చిల్లు ఉన్నచోట కొక్కెం లేచి పడుగు పోగును పైకి లాగుతుంది. చిల్లు లేనిచోట పోగు కిందే ఉండిపోతుంది. ఒకసారి ఒక అట్టలో చిల్లు తప్పుగా పడింది. గజం నేశాక చూసుకుంటే అంచులో ఒక్క నెమలికీ కన్ను లేదు. "ఒక్క చిల్లు తప్పితే ఇంత పని అయిపోతాదమ్మా" అన్నాడు మా నాయన. ఆ రోజు ఆయన ముఖం నాకింకా గుర్తుంది.

లేస్తే ఒకటి, లేవకపోతే సున్నా. ఫ్రాన్స్‌లో 1804లో జకార్డ్ తయారుచేసిన ఈ ఏర్పాటు నుంచే చిల్లుల అట్టలు తర్వాత లెక్కల యంత్రాల్లోకి వెళ్లాయి. పట్టు జిగురు పోయేలా ఉడికించి రంగు వేయడం కెమిస్ట్రీ. జరీ ధర పెరిగి కూలి పెరగకపోవడం కామర్స్. ఇవన్నీ కలిపి చదువుకుందామని డిగ్రీలో చేరేటప్పుడు అడిగాను. "అలాంటి కాంబినేషన్ లేదమ్మా" అన్నారు. ఎం.పి.సి. తీసుకున్నాను. కామర్స్ చదవలేదన్న వెలితి మాత్రం ఇప్పటికీ పోలేదు.

అనంతపురంలో కాలేజీ చదువు 1916లోనే మొదలైంది. అయినా నిన్నమొన్నటి దాకా సబ్జెక్టులను మూటగట్టి చేతికిచ్చేవాళ్లు. అమెరికాలో న్యూయార్క్ యూనివర్సిటీ 1972లోనే గాలటిన్ స్కూల్‌ను మొదలుపెట్టింది. అక్కడ విద్యార్థి తన డిగ్రీలో ఏం చదవాలో అధ్యాపకుల సలహాతో తానే రాసుకుంటాడు. చివర్లో తాను ఎంచుకున్న పుస్తకాల గురించి వాళ్ల ముందు కూర్చుని మాట్లాడాలి. నాకు బాగా నచ్చింది ఆ చివరి మాటే. ఎందుకు చదివావో నోటితో చెప్పాలి మరి.

మనకు అంత స్వేచ్ఛ ఇంకా రాలేదు. కానీ 2023-24లో మన రాష్ట్రంలో ఒక మేజర్ (ప్రధాన సబ్జెక్టు), ఒక మైనర్ (దానికి తోడుగా రెండో సబ్జెక్టు) పద్ధతి వచ్చింది. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక అయిన స్వయం పోర్టల్‌లో చేసిన కోర్సుల క్రెడిట్లు కలుపుకునే వీలూ ఉంది, మీ యూనివర్సిటీ ఒప్పుకుంటే. డబ్బు కట్టకముందే ఆ సంగతి రాతపూర్వకంగా అడగండి. పాసయ్యాక అడిగితే టెన్షనే మిగులుతుంది.

మైనర్ ఎలా ఎంచుకోవాలి? స్నేహితులు తీసుకున్నారనో, పేపర్ తేలికనో తీసుకుంటే అది మెమోలో ఒక గీత, అంతే. ముందు మిమ్మల్ని వదలని ప్రశ్న ఒకటి పట్టుకోండి.

మీలో చాలామందివి వేరుశనగ పండించే ఇళ్లు. పూత పైన పూస్తుంది, ఊడ కిందికి దిగి మట్టిలో కాయ అవుతుంది. ఊడ దిగే రోజుల్లో నేల ఎండిపోతే చెట్టు పచ్చగానే ఉన్నా పీకితే కాయలుండవు. మరి మీ మండలంలో గత ఇరవై ఏళ్లలో ఊడ దిగే వేళకు వాన ఎన్నిసార్లు మొహం చాటేసింది? ఆ నష్టంలో బీమా ఎంత పూడ్చింది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెతకాలంటే బోటనీ కావాలి, స్టాటిస్టిక్స్ కావాలి, ఎకనామిక్స్ కావాలి. కదిరి వ్యవసాయ పరిశోధన స్థానానికి వెళ్లి వేరుశనగలో ఎండను తట్టుకునే రకం ఏదో అడగాలి. మీ అవ్వ పక్కన కూర్చుని ఏ ఏడు విత్తనం కూడా ఇంటికి రాలేదో రాసుకోవాలి. ఆ చివరి పనికి ఏ కాలేజీలోనూ పేపర్ లేదు. అయినా చేయండి, మిగతావన్నీ దాని మీదే నిలబడతాయి.

ఒక జాగ్రత్త. గ్రూప్స్ ఉద్యోగ పరీక్షల్లో చాలా పోస్టులకు ఏ డిగ్రీ అయినా చాలు. బీ.ఎడ్.లో మెథడాలజీకి, అంటే మీరు బోధించబోయే సబ్జెక్టుకు, పీజీ సీటుకు మాత్రం డిగ్రీలో ఏ సబ్జెక్టు చదివారో చూస్తారు. టీచర్ కావాలనుకునేవాళ్లు ఆ అర్హతలు చదివాకే మేజర్ రాయండి. ఇంట్లో ఒప్పించడానికి కూడా ఆ అర్హతల కాగితమే పనికొస్తుంది. "ఆ చదువుకు ఉద్యోగమేముంది?" అని మీ నాయన అడగడం తప్పేమీ కాదు, ఆయనకు జవాబు చెప్పాలి.

ఈ రోజు ఇంటికెళ్లి మీ ప్రశ్న ఒక్కటి, ఒకే వాక్యంలో రాయండి. కింద దానికి కావలసిన సబ్జెక్టులు రాయండి. సోమవారం మధ్యాహ్నం నేను ఇక్కడి స్టాఫ్‌రూమ్‌లోనే ఉంటాను. ఆ కాగితం పట్టుకుని రండి, మీ మాస్టర్లను కూడా పిలిచి కలిసి చూద్దాం.