'ఆల్మోస్ట్ అయిపోయింది' అనే ముందు

అందరికీ నమస్కారం. ఈ హాల్లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది సైట్ ఇంజినీర్లు, సూపర్‌వైజర్లు. అందుకే నేరుగా విషయానికొస్తాను. 'ఆల్మోస్ట్ అయిపోయింది సార్' అనే మాట మన సైట్లలో ఇక వినపడకూడదు.

హైదరాబాద్ శివార్లలో కొల్లూరులోనో బాచుపల్లిలోనో ఫ్లాట్ బుక్ చేసుకున్నవాళ్లు ఫోన్ చేసి అడిగితే మనం ఆ మాటే అంటాం. అబద్ధం చెప్పాలని కాదు. స్లాబులన్నీ పడ్డాయి, గోడలు లేచాయి, ప్లాస్టరింగ్ అయింది. రోడ్డు మీద నుంచి చూస్తే బిల్డింగ్ నిండుగా కనిపిస్తోంది. కానీ ఆ మాట విన్నవాళ్లు ఏం చేస్తారు? పంతులుగారితో గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించుకుంటారు. ఖాళీ చేస్తున్నామని అద్దె ఇంటి ఓనర్‌కు చెప్పేస్తారు. పిల్లల స్కూలు మార్పిస్తారు. తర్వాత నెలనెలా ఇటు ఈఎంఐ, అటు అద్దె, ఇంట్లో టెన్షన్.

మిగిలిన ఆ 'కాస్త'లో ఏముందో చూడండి. బాత్రూంలో బకెట్ నీళ్లు పోస్తే అవి మూలన నిలవకుండా జాలీ వైపు పారాలి. పారకపోతే టైల్స్ పీకాలి. పీకేటప్పుడు వాటర్‌ప్రూఫింగ్ దెబ్బతింటే అదీ మళ్లీ చేయాలి. ఆ తర్వాత నీళ్లు కట్టి ఉంచి, కింది ఫ్లాట్ సీలింగ్‌లో చెమ్మ దిగుతోందేమో చూడాలి. ఇదంతా ఒక్క బాత్రూం సంగతి! ఇక లిఫ్ట్, ట్రాన్స్‌ఫార్మర్, మీటర్లు, మంచినీళ్ల కనెక్షన్, అగ్నిమాపక శాఖ ఇచ్చే అనుమతిపత్రం ఫైర్ ఎన్‌ఓసీ, చివరికి ఓసీ, అంటే ఇక ఇందులో ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. పదిమంది మేస్త్రీలను ఎక్కువ పెట్టినంత మాత్రాన ఇవి తొందరగా తెమలవు.

సాఫ్ట్‌వేర్‌వాళ్లు ఈ సంగతి ఎప్పుడో గుర్తించారు. మొదటి 90 శాతం కోడ్‌కు 90 శాతం సమయం పడుతుందని, మిగిలిన 10 శాతానికి ఇంకో 90 శాతం పడుతుందని బెల్ ల్యాబ్స్‌కు చెందిన టామ్ కార్గిల్ అన్న మాట 1985 నుంచీ ప్రచారంలో ఉంది. వాళ్లు సరదాకు చెప్పుకున్నా, మన ఫినిషింగ్ పనుల విషయంలో అది అక్షరాలా నిజం.

మన హైదరాబాద్ మెట్రోనే తీసుకోండి. 2020 ఫిబ్రవరికి మొదటి దశలో 69 కిలోమీటర్లు అందుబాటులోకి వచ్చింది. ఎంజీబీఎస్ బస్టాండ్ నుంచి ఫలక్‌నుమాకు సుమారు 5.5 కిలోమీటర్లు మిగిలింది. శాతాల లెక్కన దాదాపు పూర్తయినట్టే. కానీ ఆ ముక్కకు శంకుస్థాపన జరిగింది 2024లో. శాలిబండలో బస్సు కోసం నిలబడ్డ మనిషికి ఆ 69 ఏం ఓదార్పు?

ఇళ్లు కొనేవాళ్ల రక్షణకు తెచ్చిన 2016 నాటి రెరా చట్టం ప్రాజెక్టు ఎప్పటికి పూర్తవుతుందో తేదీతో రాసివ్వమంటుంది. సైట్లో నోటి మాటకూ అదే పద్ధతి పెట్టుకుందాం. ఎవరైనా అడిగితే, "సి బ్లాక్‌లో రెండో లిఫ్ట్ బిగించాలి, ఫైర్ ఇన్‌స్పెక్షన్ కావాలి, ఓసీకి ఇంకా అప్లై చేయలేదు. అది చేతికొచ్చాకే ముహూర్తం పెట్టుకోండమ్మా" అని చెప్పండి. వాళ్లకు కోపం రావచ్చు, రానివ్వండి. టీ తాగొచ్చాక ఎవరి సైట్లో ఏమేం మిగిలాయో, ఏది ఎవరి చేతిలో ఉందో కాగితం మీద రాయండి. మీతో కూర్చుని ఒక్కొక్కటీ నేనూ చూస్తాను.