పూర్వపక్షానికి చోటిచ్చిన ఆన్సెల్మ్

సభకు నమస్కారం.

తత్త్వశాస్త్రం చదివినవాళ్లకు పదకొండో శతాబ్దపు క్రైస్తవ సన్యాసి ఆన్సెల్మ్ పేరు చెప్పగానే ఒకే వాదం గుర్తొస్తుంది. దేవుడున్నాడని కేవలం ఆలోచనతోనే రుజువు చెయ్యబోయిన వాదం. దాని దగ్గరికి వస్తాను గానీ ముందు ఆ మనిషి గురించి కాస్త చెప్పనివ్వండి. ఆయన వాదించిన తీరూ, పిల్లలతో మెలిగిన తీరూ, రాజుల ఎదుట నిలబడిన తీరూ ఒకే స్వభావంలోంచి వచ్చాయని నా నమ్మకం. బలవంతంగా ఒప్పించడం ఆయనకు గిట్టదు.

1033 ప్రాంతంలో ఆల్ప్స్ కొండల మధ్య ఆవొస్తాలో పుట్టాడు. ఇప్పుడది ఇటలీలో ఉంది. తల్లి పోయాక తండ్రితో పొసగక ఇల్లు విడిచిపెట్టాడు. మంచుకొండలు దాటుతుంటే ఓపిక నశించి, మంచే నమిలి ప్రాణం నిలుపుకున్నాడని ఆయన శిష్యుడు ఎడ్మెర్ రాశాడు. ఆన్సెల్మ్ గురించి మనకు తెలిసిన ముచ్చట్లలో చాలావరకు ఈ ఎడ్మెర్ చలవే. చివరికి ఇప్పటి ఫ్రాన్స్‌లో ఉన్న నార్మండీలోని బెక్ మఠానికి చేరాడు. అక్కడ లాన్‌ఫ్రాంక్ అనే గొప్ప గురువు పాఠాలు చెప్పేవాడు. 1060లో సెయింట్ బెనెడిక్ట్ పేరిట ఉన్న మఠజీవన నియమావళి స్వీకరించి సన్యాసి అయ్యాడు. 1078లో ఆ మఠానికే అధిపతి అయ్యాడు.

అప్పట్లో చిన్నపిల్లల్ని మఠాలకు అప్పగించేవారు. ఒకసారి మరో మఠాధిపతి వచ్చి ఆన్సెల్మ్ దగ్గర గోడు వెళ్లబోసుకున్నాడు. రాత్రనక పగలనక కొడుతున్నా పిల్లలు అంతకంతకూ చెడిపోతున్నారట. పెద్దయ్యాక ఎలా తయారవుతున్నారని ఆన్సెల్మ్ అడిగాడు. మొద్దుల్లా, పశువుల్లా అన్నాడాయన. అప్పుడు ఆన్సెల్మ్ అడిగాడు: "మీ తోటలో ఒక మొక్క నాటి, కొమ్మ చాపడానికి వీల్లేకుండా నాలుగువైపులా మూసేశారనుకోండి. కొన్నేళ్లకు తెరిస్తే ఏం చెట్టు కనిపిస్తుంది?" కొమ్మలన్నీ వంకర్లు తిరిగిన పనికిరాని చెట్టన్నాడు ఆ మఠాధిపతి. "మరి ఆ తప్పు ఎవరిది?" దెబ్బల్లో పెరిగిన పిల్లవాడు తనను ఎవరైనా ప్రేమిస్తున్నారని నమ్మలేడనీ, మంచిమాటను కూడా అనుమానిస్తాడనీ ఆన్సెల్మ్ వివరించాడు. వచ్చినాయన ఆయన కాళ్లమీద పడ్డాడట. పదకొండో శతాబ్దపు మాట ఇది. మన బడుల్లో బెత్తం ఎన్నాళ్లు రాజ్యమేలిందో మనకు తెలియనిది కాదు.

1089లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌గా, అంటే ఇంగ్లండు చర్చికి పెద్దగా ఉన్న లాన్‌ఫ్రాంక్ చనిపోయాడు. ఇంగ్లండు రాజు రెండో విలియమ్ ఆ పీఠాన్ని ఖాళీగా ఉంచి ఆదాయం తినసాగాడు. 1093లో జబ్బుచేసి చావుభయం పట్టుకోగానే ఆన్సెల్మ్‌ను ఆర్చిబిషప్‌గా ప్రకటించాడు. ఆన్సెల్మ్ పిడికిలి బిగించి ససేమిరా అన్నాడు. బిషప్పులు ఆయన వేళ్లు విప్పబోయారు, కుదరక మూసిన పిడికిలికే అధికారదండాన్ని ఆనించి పట్టుకున్నారు. ముసలి గొర్రెనూ పొగరుబోతు ఎద్దునూ ఒకే నాగలికి కడుతున్నారని వాపోయాడాయన. ఆ మాటే నిజమైంది. కోలుకున్న రాజు డబ్బు కోసం చూశాడు. ఆన్సెల్మ్ 500 పౌండ్లు ఇవ్వజూపితే చాలదని తిప్పికొట్టాడు. ఆ సొమ్మును ఆన్సెల్మ్ పేదలకు పంచేశాడు.

1097లో దేశం విడిచి వెళ్లాల్సొచ్చింది. ఆ ప్రవాసంలోనే, ఇటలీలోని ఒక కొండపల్లెలో, దేవుడు మనిషిగా ఎందుకు పుట్టాడన్న ప్రశ్నమీద రాస్తున్న గ్రంథాన్ని ముగించాడు. తర్వాతి రాజు మొదటి హెన్రీతోనూ పేచీ తప్పలేదు. బిషప్పులకు ఉంగరం, దండం ఇచ్చే హక్కు రాజుదా, చర్చిదా అన్నది గొడవ. మళ్లీ ప్రవాసం. 1107లో రాజీ కుదిరింది: రాజు ఆ హక్కు వదులుకున్నాడు, బిషప్పులు తమ భూముల విషయంలో ఆయనకు విధేయత చూపడానికి ఒప్పుకున్నారు. ఈ తగాదా కంటే 1102లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో ఆయన నడిపిన సభే నాకు ముఖ్యంగా తోస్తుంది. మనుషుల్ని పశువుల్లా అమ్మే వ్యాపారాన్ని ఇకపై ఎవరూ చేయరాదని ఆ సభ శాసించింది.

ఇక వాదం సంగతి. ముందుగా, లేఖనాల మీద ఆధారపడకుండా తర్కంతోనే దేవుడి గురించి రాయమని మఠంలోని శిష్యులే అడిగారు. రాశాడు. అందులో వాదాలు గొలుసుగా సాగుతాయి. అది ఆయనకు తృప్తినివ్వలేదు. అన్నిటికీ సరిపోయే ఒకే ఒక్క వాదం కావాలన్న తపన పట్టుకుంది. తిండి సయించలేదు, నిద్ర పట్టలేదు, ప్రార్థనలో మనసు నిలవలేదు. ఇది సైతాను శోధనేమోనని కూడా భయపడ్డాడు. ఒక రాత్రి ప్రార్థన వేళ అది తట్టింది. మైనపు పలకల మీద రాసిస్తే అవి మాయమయ్యాయి. మళ్లీ రాస్తే పగిలి నేలమీద దొరికాయి. ముక్కలు అతికించుకుని, తోలుకాగితం మీదికి ఎక్కించమన్నాడు.

వాదం చిన్నదే. దేనికంటే గొప్పదాన్ని ఊహించలేమో అదే దేవుడు. దేవుడు లేడనే బుద్ధిహీనుడికి కూడా ఈ మాట అర్థమవుతుంది, అంటే అతని తలపులో అది ఉంది. తలపులో మాత్రమే ఉంటే, నిజంగా ఉన్నది దానికంటే గొప్పదవుతుంది. అప్పుడు అంతకంటే గొప్పదాన్ని ఊహించగలిగినట్టే కదా! కాబట్టి అది నిజంగా ఉండి తీరాలి.

మార్మూటియే మఠంలోని గౌనిలో అనే సన్యాసి ఆ బుద్ధిహీనుడి తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు. అన్ని దీవులకన్నా గొప్ప దీవిని ఊహించుకుంటే, ఆ లెక్కన అదీ ఉండాలి కదా అన్నాడు. ఈ దెబ్బ సరిగ్గా తగల్లేదని నా ఉద్దేశం. ఎంత గొప్ప దీవికైనా ఇంకొక చెట్టు, ఇంకొక సెలయేరు చేర్చవచ్చు, దానికి అంతు లేదు. కాబట్టి అంతకంటే గొప్పదాన్ని ఊహించలేని దీవి అనడమే కుదరదు. ఉనికి అనేది ఒక గుణం కాదని చాలా శతాబ్దాల తర్వాత జర్మన్ తత్త్వవేత్త కాంట్ వేసిన దెబ్బే గట్టిది. ఆన్సెల్మ్ మతంవాడే అయిన పదమూడో శతాబ్దపు తత్త్వవేత్త థామస్ అక్వినాస్ కూడా ఈ వాదాన్ని ఒప్పుకోలేదు.

కానీ ఆన్సెల్మ్ ఏం చేశాడో చూడండి. ఆయన మఠాధిపతి, పేరున్న పండితుడు. కావాలనుకుంటే ఆ విమర్శను పక్కన పడేయొచ్చు. గౌనిలో ఆక్షేపణనూ, దానికి తన జవాబునూ తన గ్రంథం చివర చేర్చి నకళ్లు రాయమన్నాడు. ఆన్సెల్మ్ 1109 ఏప్రిల్ 21న కన్నుమూశాడు. ఇవాళ ఆ గ్రంథాన్ని చదవబోయినవాళ్లకు దాని వెంటే గౌనిలో పూర్వపక్షం కూడా చేతికొస్తుంది, తేల్చుకోవలసింది వాళ్లే.