వేల ఏళ్ల కిందటి ఈ బొమ్మలో ఎవరు ఎవరితో కొట్లాడుతున్నారు?

[తెర మీద: సున్నపురాయి గోడ, దాని మీద ఎర్రటి మరకలు. మాట వెంట నెమ్మదిగా దగ్గరికి]

నేను మాట్లాడేలోపు ఈ గోడను ఒకసారి చూడండి. ఏవో ఎర్ర మరకల్లా ఉన్నాయి కదా? కాస్త దగ్గరికి వెళ్దాం. అది కాలు. పక్కన ఇంకో కాలు, బాగా చాచి ఉంది, అంటే పరుగు మీద ఉన్నాడు. అదిగో విల్లు. దానికి ఎదురుగా ఇంకో విల్లు. మధ్యలో జింక లేదు, అడవిపంది లేదు. మనిషి మీదికే మనిషి బాణం ఎక్కుపెట్టాడు.

ఇది స్పెయిన్ తూర్పు వైపు, కస్తెల్లోన్ ప్రాంతంలో ఆరెస్ దెల్ మాయెస్త్రాత్ అనే ఊరి దగ్గర, గసుయ్యా లోయలో ఉంది. ఆ చోటు పేరు లెస్ దోగెస్. సుమారు ముప్పై మంది విలుకాళ్లు రెండు జట్లుగా ఎదురెదురు పడ్డారు. బొమ్మలన్నీ చిన్నవే, గీతలు సన్నగా ఉంటాయి, వీటిని పక్షి ఈకతో గీసి ఉంటారని నిపుణులు అంటారు. రంగు మన ఎర్రమట్టిలో ఉండేదే, ఇనుప ఖనిజం.

యుద్ధం బొమ్మ అంటే మనకు గుళ్ల గోడల మీద చెక్కిన రాజు, ఏనుగు, బారులు తీరిన సైన్యం గుర్తొస్తాయి. ఇక్కడ అవేవీ లేవు. రాజు లేడు, కోట లేదు. ఒక పక్క నుంచి దూసుకొస్తున్నవాళ్లు, ఇంకో పక్క నిలదొక్కుకుని కొడుతున్నవాళ్లు, కొందరి తలమీద అలంకారాలు, అంతే. నాకైతే ఈ బొమ్మ ముందు కూర్చుంటే లేవబుద్ధి కాదు, ఎందుకంటే గీసినవాడికి పరుగెత్తే ఒళ్లు ఎలా వంగుతుందో బాగా తెలుసు, చూడకుండా ఇలా గీయలేరు.

ఇది నిజంగా కొట్లాటేనా, ఏదైనా నాట్యమో ఆటో అయితే? అడగాల్సిన ప్రశ్నే. దీనికి జవాబు ఆ ఒక్క గోడ మీదే వెతికితే దొరకదు, చుట్టుపక్కల బొమ్మలు కూడా చూడాలి.

[తెర మీద: కోవా రెమీజియా బొమ్మ నకలు గీత]

అదే లోయలో కోవా రెమీజియా అనే గుహ ఉంది. గుహ అంటే లోతుగా చీకటిగా ఉండేది కాదు, వెలుగు పడే రాతి పంచ లాంటిది. అందులో కొందరు వరసగా నిలబడి విల్లులు తల పైకెత్తి పట్టుకున్నారు. వాళ్లకు కొంచెం దూరంలో ఒక మనిషి నేల మీద పడి ఉన్నాడు, ఒంట్లో బాణాలు దిగి ఉన్నాయి. ఇలాంటి దృశ్యం అక్కడ ఒక్కటే కాదు, మళ్లీ కనిపిస్తుంది. మొరెయ్యా లా వెయ్యా అనే ఇంకో చోట చిన్న గుంపులో విలుకాళ్లు ఒకరిమీదొకరు బాణాలు వేసుకుంటున్నారు. కోవా రెమీజియా పక్కనే ఉన్న మరో రాతి పంచలో అయిదుగురు ఒకే అడుగుగా నడుస్తుంటారు, ముందు నడిచేవాడి తలకట్టు మిగతావాళ్లకు లేదు. ఇవన్నీ పక్కపక్కన పెట్టుకుంటే ఇది ఆట అనడం కష్టం. ఆటలో ఒంట్లో బాణాలు దిగి మనిషి పడిపోడు.

అయితే ఈ జనం రాత్రింబవళ్లు కొట్టుకుచచ్చేవాళ్లని అనుకోకండి. స్పెయిన్ తూర్పు వైపు కనిపించే ఈ సన్న గీతల శైలి బొమ్మల్లో ఎక్కువ వేటే. వలెన్సియా దగ్గర బికోర్ప్‌లో ఒక బొమ్మ ఉంది, ఎవరో తాళ్లు పట్టుకుని పైకి ఎగబాకి తేనెపట్టు తీస్తున్నారు, చుట్టూ ఈగలు ముసురుతున్నాయి. మన నల్లమలలో చెంచులు తాడు కట్టుకుని కొండ అంచు నుంచి తేనె తీయడం చూసినవాళ్లకు ఆ బొమ్మ ఎవరూ వివరించక్కర్లేదు. తేనె తీసిన చేతులూ విల్లు ఎత్తిన చేతులూ ఒకే జనానివి. ఈ బొమ్మలున్న 700కు పైగా చోట్లను కలిపి యునెస్కో 1998లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

సరే, ఎప్పటివి ఇవి? ఇక్కడే అసలు గొడవ. రంగు ఖనిజం కాబట్టి అందులో బొగ్గు ఉండదు, అందువల్ల కార్బన్ పరీక్ష నేరుగా కుదరదు. మరి ఎలా? ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ పడిన చోటు వెతుకుతారు. ఆల్కోయ్ ఊరి దగ్గర లా సార్గా అనే చోట అది దొరికింది. కింద లావు గీతల పెద్ద పెద్ద మెలికల బొమ్మలున్నాయి, వాటి మీద మనం చూస్తున్న శైలిలోనే సన్న గీతల జింకలు. ఆ మెలికల్లాంటి బొమ్మలే, చేతులెత్తిన మనుషులతో సహా, ఆ ప్రాంతపు తొలి రైతుల కుండల మీద కనిపిస్తాయి. సముద్రపు గవ్వ అంచుతో పచ్చి మట్టి మీద ఒత్తి చేసిన నగిషీ అది. ఆ కుండల వయసు సుమారు 7,500 ఏళ్లు. కుండ వయసు తెలిస్తే కింది బొమ్మ వయసు తెలిసినట్టే, పైబొమ్మ దానికన్నా తర్వాతిది అయి తీరాలి. ఇది విన్నప్పుడు నాకు పోలీసు విచారణ చూసినంత టెన్షన్. ఈ లెక్క అందరూ ఒప్పుకోలేదు, ఈ శైలి ఇంకా పాతదని, రైతులు రాకముందు వేటగాళ్లు మొదలుపెట్టిందని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నాకు మాత్రం లా సార్గా వాదనే బలంగా కనిపిస్తుంది.

[తెర మీద: లాస్కో ఎద్దులు, ఆ తర్వాత నల్ల తెర]

వయసు ఎందుకంత ముఖ్యమంటే, దీనికన్నా చాలా పాతవైన, ఫ్రాన్స్‌లోని షోవే, లాస్కో, స్పెయిన్‌లోని ఆల్తమీరా గుహల్లో ఎద్దులు, గుర్రాలు, సింహాలు అన్నీ ఉన్నాయి, యుద్ధం మాత్రం లేదు. ఫ్రాన్స్‌లోనే కూన్యాక్ గుహలో ఒంట్లో ఈటెల్లాంటి గీతలు దిగిన మనిషి రూపాలు ఉన్నాయి కానీ రెండు జట్ల పోరు లేదు. కాబట్టి చాలామంది చెప్పే కథ ఏంటంటే, పొలం వచ్చింది, ధాన్యం వచ్చింది, నాది నీది అన్నారు, యుద్ధం మొదలైంది అని.

వినడానికి బాగుంటుంది. కానీ ఆస్ట్రేలియా దీనికి అడ్డుపడుతుంది.

ఆస్ట్రేలియా ఉత్తరాన ఆర్నెమ్ లాండ్‌లో వేల కొద్దీ రాతి బొమ్మలున్నాయి. పాల్ టాసన్, క్రిస్టఫర్ చిప్పిండేల్ అనే ఇద్దరు పురావస్తు పరిశోధకులు 1994లో అక్కడి కొట్లాట బొమ్మల మీద ఒక వ్యాసం రాశారు. పాత బొమ్మల్లో ఒకరితో ఒకరు, లేదా ఇద్దరు ముగ్గురు, బూమరాంగులు విసురుతూ, ఈటెలు తప్పించుకుంటూ కనిపిస్తారు. ఆ తర్వాత, దాదాపు 6,000 ఏళ్ల కిందట, పెద్ద గుంపులు ఎదురెదురు నిలబడే బొమ్మలు వస్తాయి. అక్కడ వ్యవసాయం లేదు, ధాన్యపు గాదె లేదు. మరి ఏం మారింది? సముద్రం. మంచుయుగం ముగిసి నీళ్లు పెరిగి, ఒకప్పుడు న్యూ గినీ దాకా నడిచి వెళ్లగలిగిన మైదానం మొత్తం మునిగిపోయింది. అక్కడి జనం లోపలికి జరిగారు, అప్పటికే లోపల ఉన్నవాళ్లు ఉండనే ఉన్నారు. ఈ వివరణ నాకు నచ్చడానికి కారణం, ఇందులో ఎవరూ చెడ్డవాళ్లు కానక్కర్లేదు, నేల తగ్గితే చాలు.

ఇంకో మాట కూడా చెప్పాలి. బొమ్మ లేదంటే కొట్లాట లేదని కాదు. సూడాన్‌లో జెబెల్ సహాబా అనే శ్మశానం ఉండేది, ఇప్పుడు అది నాసర్ జలాశయం అడుగున ఉంది. ముంపుకు ముందు 1960లలో తవ్వి తీసిన ఎముకలను మళ్లీ పరీక్షించి 2021లో ఫలితాలు ప్రచురించారు. 61 మందిలో 41 మందికి గాయాలు, వయసు 13,000 ఏళ్ల పైమాటే. అందులో కొన్ని మానిపోయిన గాయాలు, అంటే ఒకసారి దెబ్బ తిని బతికి మళ్లీ దెబ్బ తిన్నవాళ్లు ఉన్నారు. ఒక్క రోజు యుద్ధం కాదు, ఏళ్ల తరబడి సాగిన దాడులు. వాళ్లలో ఆడవాళ్లు, పిల్లలు కూడా ఉన్నారు. ఎముక ఏం జరిగిందో చెబుతుంది. బొమ్మ వేరే సంగతి చెబుతుంది, జరిగినదాన్ని రాతి మీద గీసి ఉంచాలని ఎవరికో అనిపించింది అని. మనకు రెండూ కావాలి.

[తెర మీద: భీంబేట్కా, గుర్రం మీద యోధుడు]

ఇప్పుడు మన వైపు వద్దాం, ఎందుకంటే ఇక్కడ ఒక పొరపాటు తెగ తిరుగుతోంది. మధ్యప్రదేశ్‌లోని భీంబేట్కా బొమ్మలను వి.ఎస్. వాకణ్కర్ 1957లో వెలుగులోకి తెచ్చారు. అక్కడ గుర్రాల మీద కత్తి, డాలు పట్టిన యోధులు ఉన్నారు, వాటి ఫొటో పెట్టి "రాతియుగపు యుద్ధం" అని షేర్ చేస్తుంటారు. కాదు. స్వారీ గుర్రం, లోహపు కత్తి కనిపించాయంటే అది రాతియుగం దాటి చాలా ముందుకొచ్చిన కాలం. ఒకే గోడ మీద పాత జింక, దాని మీద కొత్త రౌతు ఉంటారు, వేల ఏళ్ల తేడాతో. తెలంగాణలో భూపాలపల్లి జిల్లా రేగొండ దగ్గర పాండవుల గుట్టలోనూ అంతే, అడవి దున్న, జింక, చిరుత లాంటి జంతువులతో పాటు విల్లు, బాణం, కత్తి, బల్లెం పట్టినవాళ్లు కూడా కనిపిస్తారు, అన్నిటికీ ఒకే వయసు కట్టేస్తే తప్పు.

అక్కడికి వెళ్తే ఇంకొకటి. రంగు వెలిసిపోయిందని నీళ్లు చల్లకండి. స్పెయిన్‌లో ఫొటో బాగా రావాలని ఏళ్ల తరబడి సందర్శకులు చల్లిన నీళ్ల వల్ల సున్నం పొర కట్టి ఎన్నో బొమ్మలు మసకబారాయి. ఇప్పుడు ఆ అవసరమే లేదు, మామూలు ఫొటో తీసి డీస్ట్రెచ్ అనే సాఫ్ట్‌వేర్‌లో పెడితే కంటికి కనిపించని ఎరుపు కూడా పైకి తేలుతుంది. పాండవుల గుట్ట ఫొటోలు మీ దగ్గర ఉంటే ముందు అందులో వేసి చూడండి, ఆయుధం పట్టినవాడి కాళ్ల కింద గుర్రం ఉందో లేదో, ఆ గీత ఏ బొమ్మ మీద నుంచి పోయిందో చూసి కింద కామెంట్లలో పెట్టండి. వచ్చే వీడియోలో వాటినే ఒక్కొక్కటిగా చూద్దాం.