కదలకపోతే భయం పోయినట్టేనా?

అందరికీ నమస్కారం. దీపావళికి వారం ముందు నుంచే నాకు ఫోన్లు మొదలవుతాయి. "డాక్టర్ గారూ, టపాకాయల చప్పుడుకి మావాడు మంచం కిందికి దూరి వణుకుతున్నాడు. మత్తు మాత్ర ఏదైనా చెప్పండి." మావాడంటే కుక్కే. ఆ పిలుపు నాకు ఇష్టమే. ఫోన్లో మాత్ర చెప్పమంటేనే ఇబ్బంది.

ఎన్నో ఏళ్లుగా వాడుకలో ఉన్న మందు ఏసీప్రోమజీన్. వేస్తే కుక్క మత్తుగా పడి ఉంటుంది, మనం హమ్మయ్య అనుకుంటాం. కానీ ఆ మందు భయాన్ని తీసెయ్యదు. చప్పుడు వినపడుతూనే ఉంటుంది, పారిపోవడానికి మాత్రం కాళ్లు సహకరించవు. పైగా బీపీ పడిపోతుంది, మోతాదు ఎక్కువైతే విరుగుడు లేదు. కోలీ జాతిలో ఎండీఆర్1 అనే జన్యులోపం ఉన్నవాటికి తక్కువ మోతాదే ఎక్కువైపోతుంది.

ఇక ఫిట్స్ సంగతి. మూర్ఛ ఉన్న కుక్కకి ఏసీప్రోమజీన్ ఇవ్వకూడదని మేం చదువుకున్నాం. 2006లో అమెరికాలో పాత రికార్డులు తిరగేసి చూస్తే, అంతకుముందు ఫిట్స్ వచ్చిన 36 కుక్కల్లో ఒక్కదానికీ ఈ మందు ఇచ్చాక 16 గంటల్లోపు ఫిట్స్ రాలేదు. ముప్పై ఆరంటే చిన్న లెక్కే, అయినా ఆ పాత భయం కాస్త అతి అనే నా అభిప్రాయం.

నాకు అంతకంటే టెన్షన్ పెట్టేవి వేరే ఉన్నాయి. ఒంటరిగా వదిలితే గోల చేసే కుక్కలకి ఇచ్చే క్లోమిప్రమిన్, ఫిట్స్ చరిత్ర ఉన్నవాటికి పనికిరాదు. ఆందోళన తగ్గించే అల్ప్రజొలామ్ రోజూ కొన్నాళ్లు వాడి ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు. నొప్పికీ ఫిట్స్‌కీ మనుషులకి ఇచ్చే గబాపెంటిన్ సిరప్‌లు కొన్నింటిలో తీపి కోసం జైలిటాల్ కలుపుతారు. అది కుక్కకి విషం. షుగర్ ఒక్కసారిగా పడిపోయి దానివల్లే ఫిట్స్ వస్తాయి. ఇంట్లో ఎవరి సీసానో తీసి పట్టించకండి.

కాబట్టి పండక్కి రెండు వారాల ముందే రండి. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి కొట్టుకుందా, ఎంతసేపు, ఇప్పుడు ఏ మందులు నడుస్తున్నాయి, అన్నీ చెప్పండి. వీడియో ఉంటే మరీ మంచిది. ఫిట్స్ రాకుండా ఫినోబార్బిటాల్ వాడే కుక్కకి పండగ హడావుడిలో ఆ పూట మాత్ర మర్చిపోవద్దు. నేను రాసిచ్చిన కొత్త మందు ఏదైనా ముందు ఒక మామూలు రోజున, నేను చెప్పిన మోతాదులోనే, మీరు పక్కనే ఉండి వేసి చూడండి.

ఫిట్స్ వస్తే నోట్లో చెయ్యి గానీ చెంచా గానీ పెట్టొద్దు. తాళాల గుత్తి అసలే వద్దు, కుక్కకి దాన్ని పట్టుకునే చెయ్యి కూడా లేదు! లైటు ఆర్పి, చుట్టూ ఉన్న సామాన్లు జరిపి, గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటినా, ఒక్క రోజులో రెండోసారి వచ్చినా వెంటనే తీసుకురండి. ఆ ఫోన్ ఎంత రాత్రయినా ఎత్తుతాను.