బండి ఎంత ఇస్తుంది, ఎంత తాగుతుంది

శ్రోతలకు నమస్కారం.

ఎవరైనా కొత్త కారు కొన్నారంటే మనం అడిగే మొదటి మాట, "మైలేజీ ఎంత ఇస్తోంది?" పద్దెనిమిది అంటారు, ఇరవై అంటారు. లీటరుకు ఇన్ని కిలోమీటర్లు అని విడమరిచి చెప్పనక్కర్లేదు, అందరికీ తెలిసిందే. కానీ ఆ మాటలో మైలు దాగి ఉంది చూడండి. మన దేశం 1956లో మెట్రిక్ కొలతల చట్టం చేసింది. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చాయి. 1958 అక్టోబరు నుంచి కిలోలూ మీటర్లూ దశలవారీగా అమల్లోకి వచ్చాయి. శేర్లు, వీశెలు, మణుగులు మా అమ్మమ్మ మాటల్లోనే విన్నాను. మైలు మాత్రం రోడ్డు మీద నుంచి వెళ్లిపోయినా, మైలేజీలోనూ మైలురాయిలోనూ ఉండిపోయింది. ఇంటి స్థలం ఇప్పటికీ గజాల్లోనే కొంటాం, మనిషి ఎత్తు అడుగుల్లోనే చెప్పుకుంటాం. ఇందులో తప్పేమీ లేదు. మాట పాతదైనా, వినేవాళ్లందరికీ ఒకే కొలత గుర్తొస్తే చాలు. ఒకే పేరు మీద రెండు కొలతలు ఉన్నప్పుడే చిక్కు.

మా ఇంట్లోనే జరిగింది. మా పెదనాన్నగారి అబ్బాయి లండన్ దగ్గర ఉంటాడు, మా చెల్లెలు టెక్సస్‌లో ఉంటుంది. ఓ సంక్రాంతికి అందరం వీడియో కాల్‌లో కలిశాం. మాటల్లో కార్ల సంగతి వచ్చింది. అన్నయ్య తన కారు గ్యాలనుకు 40 మైళ్లు ఇస్తోందన్నాడు. చెల్లెలు తనది 36 అంది. అన్నయ్య కారే నయం అనేసుకున్నాం. రాత్రి భోజనాలయ్యాక కాగితం మీద లెక్క వేసి చూస్తే, లీటరుకు అన్నయ్య కారు ఇచ్చేది 14 కిలోమీటర్ల చిల్లర, చెల్లెలి కారు ఇచ్చేది 15 కిలోమీటర్ల పైన. మైలు ఇద్దరికీ ఒకటే. గ్యాలనే వేరు.

బ్రిటన్ గ్యాలను అంటే 4.546 లీటర్లు. అమెరికా గ్యాలను 3.785 లీటర్లే. ఒకప్పుడు ఇంగ్లండులో ద్రాక్షసారాకి ఒక గ్యాలను, బీరుకి ఇంకో గ్యాలను, ధాన్యానికి మరొకటి ఉండేవి. 1707లో, ఆన్ రాణి కాలంలో, ద్రాక్షసారా గ్యాలను 231 ఘనపుటంగుళాలని చట్టంలో రాశారు. అమెరికా వలస రాజ్యాలు దాన్నే వాడుకున్నాయి, స్వాతంత్ర్యం వచ్చాక కూడా దాన్నే ఉంచుకున్నాయి. బ్రిటన్ 1824లో పాతవన్నీ తీసేసి, పది పౌన్ల నీళ్లు పట్టేంత కొత్త గ్యాలను పెట్టింది. ఇంపీరియల్ కొలతలనేవి అప్పుడు పుట్టాయి. అప్పటికి అమెరికా విడిపోయి చాలా ఏళ్లయింది. కాబట్టి ఇంపీరియల్‌కీ మెట్రిక్‌కీ మధ్య తగువు అంటూ అమెరికా పేరు చెప్తుంటారు గానీ, అమెరికా వాడే గ్యాలను అసలు ఇంపీరియల్‌ది కాదు.

బ్రిటన్ సంగతి ఇంకా చిత్రం. అక్కడి బంకుల్లో పెట్రోలు లీటర్లలో అమ్ముతారు. రోడ్డు మీద బోర్డులు మైళ్లలో ఉంటాయి. కారు లెక్క మాత్రం గ్యాలనుకు ఇన్ని మైళ్లని చెప్పుకుంటారు. బంకులో ఎక్కడా గ్యాలను కనిపించదు. తన కారు ఎంత ఇస్తోందో చూసుకోవాలంటే మా అన్నయ్య మొదట లీటర్లను 4.546తో భాగించుకోవాలి.

ఇది ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు సరదాగానే ఉంటుంది. ఇంధనం లెక్కలో కొలత మారితే ప్రాణాల మీదికి వచ్చిన రోజు ఒకటుంది. 1983 జులై 23న ఎయిర్ కెనడా వారి బోయింగ్ 767 విమానం మాంట్రియల్ నుంచి ఒట్టావా మీదుగా ఎడ్మంటన్ బయల్దేరింది. కెనడా అప్పుడే మెట్రిక్‌లోకి మారుతోంది. ఇంధనం కిలోల్లో లెక్కపెట్టే కొత్త విమానం అది. ఆ రోజు ఇంధనం చూపించే మీటరు పనిచెయ్యలేదు. ట్యాంకుల్లో కొలపుల్ల పెట్టి చూస్తే 7,682 లీటర్లు ఉన్నాయి. ప్రయాణానికి కావలసింది 22,300 కిలోలు. లీటర్లను కిలోలుగా మార్చడానికి సుమారు 0.8తో గుణించాలి. వాళ్లు అలవాటు ప్రకారం 1.77తో గుణించారు. అది లీటరుకు ఎన్ని పౌన్లో చెప్పే అంకె. 20 వేల లీటర్లు పొయ్యాల్సిన చోట 5 వేల లోపే పోశారు. 41 వేల అడుగుల ఎత్తున ఎగురుతుండగా ఇంధనం అయిపోవచ్చింది. మొదట ఒక ఇంజను, ఆ తర్వాత రెండోది ఆగిపోయాయి. కెప్టెన్ బాబ్ పియర్సన్‌కు ఇంజను లేని గ్లైడరు నడిపిన అనుభవం ఉంది. గిమ్లీ అనే ఊళ్లో వాడకం మానేసిన పాత వైమానిక స్థావరం రన్‌వే మీద ఆ విమానాన్ని దింపాడు. అందులో ఉన్న 69 మందీ బతికారు. ఆ లెక్క వేసినవాళ్లకి గుణకారం వచ్చు. అంకె పక్కన కొలత పేరు రాసుకోలేదు, అంతే.

ఇక మన కారు దగ్గరికి వద్దాం. మైలా కిలోమీటరా, గ్యాలనా లీటరా అన్న వాదన ఎంత నడిచినా, నా దృష్టిలో దానికంటే పెద్ద విషయం ఇంకోటుంది. భాగహారంలో ఏది పైన, ఏది కింద అన్నది. మన లెక్కలో పైన దూరం, కింద పెట్రోలు. లీటరుకు ఇన్ని కిలోమీటర్లు. యూరప్‌లో చాలా దేశాల్లో దీన్ని తిరగేస్తారు: వంద కిలోమీటర్లకు ఇన్ని లీటర్లు. రెండూ ఒకటే కదా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించేది, తెనాలిలో మా బాబాయి ట్రావెల్స్ బండ్ల లెక్క చూసేదాకా.

ఆయనకి రెండు బండ్లు. ఒకటి చిన్న కారు, ఇంకోటి పదిమంది ఎక్కే పాత బండి. ఒకటి మార్చేపాటి డబ్బు చేతికొచ్చింది.

"చిన్నది మార్చేస్తాన్రా. ఇప్పుడు 18 ఇస్తోంది, కొత్తదైతే 24 ఇస్తుందట. ఆరు పెరుగుద్ది. పెద్దది మారిస్తే ఎనిమిది పదవుద్ది, అంతే. రెండు కోసం అంత డబ్బెందుకు పొయ్యాలి?" అన్నాడు.

"ఒక్కో బండి నెలకెంత తిరుగుద్ది బాబాయ్?"

"అటూ ఇటూగా రెండేసి వేలు."

గోడకున్న క్యాలెండరులో పాత నెల కాగితం చించి, వెనక తెల్లవైపు రాశాం. చిన్న కారు 18 ఇస్తే 2,000 కిలోమీటర్లకు 111 లీటర్లు. 24 ఇస్తే 83. మిగిలేది 28 లీటర్లు. పెద్ద బండి 8 ఇస్తే 250 లీటర్లు. 10 ఇస్తే 200. మిగిలేది 50 లీటర్లు. బాబాయి కళ్లజోడు తీసి తుడుచుకుని "మళ్లీ చెయ్యి" అన్నాడు. మళ్లీ చేశాం. అంతే వచ్చింది. ఆరు పెరిగిన చోట కంటే రెండు పెరిగిన చోట దాదాపు రెట్టింపు మిగులుతోంది.

అదే యూరప్ పద్ధతిలో చెప్పి ఉంటే ఆయనకి కాగితం కూడా అక్కర్లేదు. చిన్నది వందకు అయిదున్నర నుంచి నాలుగు చిల్లరకు దిగుతుంది. పెద్దది వందకు పన్నెండున్నర నుంచి పదికి దిగుతుంది. ఎక్కడ ఎక్కువ తగ్గిందో వినగానే తెలిసిపోతుంది. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ లారిక్, జాక్ సోల్ అనే ఇద్దరు 2008లో సైన్స్ పత్రికలో ఈ పొరపాటు గురించే రాశారు. గ్యాలనుకు ఇన్ని మైళ్లని చెప్తే జనం ఇంధనం పొదుపును తప్పుగా అంచనా వేస్తున్నారని చూపించారు. 2013 మోడళ్ల నుంచి అమెరికాలో కొత్త కార్ల అద్దాలకు అంటించే కాగితం మీద వంద మైళ్లకు ఎన్ని గ్యాలన్లో కూడా వేస్తున్నారు.

మనకి ఇది కొత్త కూడా కాదు. ట్రాక్టరు ఉన్న రైతుని అడగండి. లీటరు డీజిలుకు ఎంత నేల దున్నుతుందో చెప్పడు. ఎకరం దున్నడానికి ఎన్ని లీటర్లు పట్టిందో చెప్తాడు. పెళ్లి వంటవాళ్లు కిలో బియ్యం ఎంతమందికి సరిపోతుందని లెక్క వెయ్యరు, వంద విస్తళ్లకు ఎన్ని కిలోలు కావాలో చెప్తారు. ముందు పని, ఆ పనికి ఖర్చు. మన తెలుగులో రెండు మాటలూ ఉన్నాయి. బండి ఎంత "ఇస్తుంది" అంటాం, బండి ఎంత "తాగుతుంది" అని కూడా అంటాం. ఇచ్చేది లీటరుకు కిలోమీటర్లు. తాగేది వందకు లీటర్లు. కొనేటప్పుడు ఎంత ఇస్తుందని అడుగుతాం, జేబు ఖాళీ అయ్యాక ఎంత తాగుతోందో అంటాం. ఆ రెండో మాట ముందే అడగమంటాను నేను.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. లీటరు అంటే ఘనపరిమాణం. దాన్ని పొడవుతో భాగిస్తే మిగిలేది వైశాల్యం. వందకు అయిదు లీటర్లు తాగే కారుకు ఆ వైశాల్యం 0.05 చదరపు మిల్లీమీటర్లు. అంటే మీరు వెళ్లే దారి పొడవునా పెట్రోలును ఒక దారంలా పరిస్తే, దాని మందం పావు మిల్లీమీటరు, ఇంచుమించు కుట్టుమిషన్ దారమంత. హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా అంత సన్నటి దారం. టన్ను బరువున్న బండిని అదే లాక్కెళ్తోంది. ఇది మొదటిసారి లెక్కగట్టినప్పుడు నేను చాలాసేపు ఆ దారం గురించే ఆలోచించాను.

ఇక కొలవడం ఎలా? కంపెనీ చెప్పే అంకె ప్రయోగశాలది. రోలర్ల మీద కారును నిలబెట్టి, నిర్ణయించిన వేగాల్లో నడిపి, పొగ గొట్టంలోంచి వచ్చే వాయువును సంచుల్లో పట్టి, అందులో ఉన్న కార్బన్‌ను బట్టి ఎంత పెట్రోలు మండిందో లెక్కగడతారు. కార్లను ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికి అది మంచి పద్ధతి. కానీ మీ వీధిలో గుంతలు, మీ సిగ్నళ్లు, మీ ఏసీ అందులో లేవు. మీ అంకె మీరే తీసుకోవాలి.

బంకులో మీటరు సున్నా చూసుకుని, నాజిల్ దానంతటది టక్కుమని ఆగేదాకా ట్యాంకు ఫుల్ చేయించండి. ఆ తర్వాత ఇంకొంచెం పొయ్యమనకండి. కారు మీటరు మీద కిలోమీటర్ల రీడింగు రాసుకోండి. నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో, వీలైతే అదే నాజిల్‌తో, మళ్లీ టక్కుమనేదాకా పోయించండి. రెండోసారి పట్టిన లీటర్లే మీరు తాగించినవి. నా పుస్తకంలో కిందటి నెల వరస ఇది: 612 కిలోమీటర్లు, 34.2 లీటర్లు, వందకు 5.6. ఒక్కసారి చూసి నమ్మకండి, నాలుగైదు సార్ల సగటు తీసుకోండి. బంకు కొలత మీద అనుమానం ఉంటే అక్కడ అయిదు లీటర్ల ముద్ర వేసిన కొలపాత్ర ఉంటుంది. కొలిచి చూపించమని అడిగే హక్కు మీకుంది. అయిదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల తేడా వరకు నియమాలు ఒప్పుకుంటాయి. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపాక అంకె కాస్త మారితే కంగారు పడకండి. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి, లీటరు పెట్రోలులో ఉండేదాంట్లో మూడింట రెండొంతులే. ఆ తేడా ఎంతో మీ పుస్తకమే చెప్తుంది.

బాబాయి పెద్ద బండే మార్చాడు. డ్రైవరుకు చిన్న నోటుబుక్కు ఇచ్చాడు. మొన్న ఫోన్ చేసి, ఎలా ఉన్నావని కూడా అడక్కుండా, "ఈసారి వందకి పదీ పాయింట్ నాలుగు తాగిందిరా. టైర్లలో గాలి చూపించాలి" అన్నాడు.

నమస్కారం.