సందేహాలకు విశ్వాసి చెప్పగల జవాబు

మిత్రులారా,

ఈ సభలో విశ్వాసులు ఉన్నారు, విశ్వాసాన్ని వదులుకున్నవారూ ఉన్నారు, స్నేహితుడు పిలిస్తే కాదనలేక వచ్చినవారూ ఉండే ఉంటారు. అందరితోనూ ఒకే మాట మాట్లాడతాను.

"నమ్మకానికి రుజువు అడగకూడదు" అని కొందరు క్రైస్తవులు గర్వంగా చెబుతారు. "వాళ్ల దగ్గర రుజువు లేదు కాబట్టే అలా అంటున్నారు" అని హేతువాదులు నవ్వుతారు. నాకైతే ఈ విషయంలో ఇద్దరూ తొలి సంఘపు అపొస్తలుడు పౌలును చదవలేదనిపిస్తుంది. క్రీస్తు మృతులలోనుంచి లేవకపోయి ఉంటే మా ప్రకటనా వ్యర్థమే, మీ విశ్వాసమూ వ్యర్థమే అని ఆయన కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో తేల్చేశాడు. తాను బోధించేది ఎప్పుడు అబద్ధమవుతుందో తానే చెప్పేశాడు. మన విశ్వాస ప్రమాణంలో రోమా అధిపతి పొంతి పిలాతు పేరు ఎందుకుందో ఆలోచించండి. ఆయన భక్తుడూ కాదు, ప్రవక్తా కాదు. ఇది ఫలానా పాలకుడి కాలంలో, ఫలానా చోట జరిగింది అని చెప్పడానికే ఆ పేరు అక్కడుంది. పిలాతు పేరు చెక్కిన రాయి 1961లో కైసరయ తవ్వకాల్లో బయటపడింది కూడా. చరిత్రలో ఇలా కాలు మోపిన మతం చరిత్రకారుల ప్రశ్నలకు ముఖం చాటేయకూడదు.

ముందుగా మన ఇల్లు శుభ్రం చేసుకుందాం. డార్విన్ చనిపోయే ముందు పశ్చాత్తాపపడి క్రీస్తును నమ్ముకున్నాడన్న కథ 1915లో పుట్టింది. ఆయన పిల్లలే దాన్ని ఖండించారు. యెహోషువ కాలంలో సూర్యుడు నిలిచిన రోజును నాసా కంప్యూటర్లు కనిపెట్టాయన్న కథ పూర్తిగా కల్పితం. అయినా ఈ రెండూ ప్రసంగాల్లో ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటాయి. ఇలాంటివి నమ్మి పెరిగిన కుర్రవాడు ఏదో ఒక రోజు నిజం తెలుసుకుంటాడు, ఆ రోజు సువార్తలను కూడా ఇదే గంపలో వేసి పారబోస్తాడు. తప్పు అతనిది కాదు. సత్యాన్ని కాపాడటానికి అబద్ధం సాయం తీసుకున్నవాళ్లది.

ఇక అసలు ఆక్షేపణలకు వద్దాం. యేసు అనే మనిషే లేడనే వాదన మీద ఎక్కువ సమయం ఖర్చు చేయను. రోమా చరిత్రకారుడు టాసిటస్ క్రైస్తవులంటే అసహ్యించుకున్నవాడు. తిబెరి చక్రవర్తి కాలంలో పిలాతు చేతిలో క్రీస్తు మరణశిక్ష పొందాడని ఆయనే రాశాడు. యూదు చరిత్రకారుడు జోసెఫస్, క్రీస్తు అనబడిన యేసు సోదరుడు యాకోబు 62లో ఎలా చనిపోయాడో చెప్పాడు. అదే గ్రంథంలో యేసును పొగుడుతున్న మరో భాగం ఉంది. దాన్ని చూపించి సంబరపడకండి, అందులో కొన్ని మాటలు తర్వాతి క్రైస్తవులు చేర్చినవే. బార్ట్ ఎర్మన్ క్రైస్తవ విశ్వాసం వదిలేసిన పండితుడు. యేసు చారిత్రక వ్యక్తి అని నిరూపిస్తూ 2012లో ఒక పుస్తకమే రాశాడు.

బైబిలును మార్చేశారన్నది ఇంతకంటే బరువైన ప్రశ్న. కొత్త నిబంధనకు గ్రీకు రాతప్రతులే ఐదు వేలకు పైగా ఉన్నాయి, వాటి మధ్య తేడాలు లక్షల్లో ఉన్నాయి. ఈ అంకె వినగానే కొందరి గుండె జారుతుంది. కానీ ప్రతులు పెరిగేకొద్దీ తేడాలూ పెరుగుతాయి, ఆ తేడాలను పట్టుకునే అవకాశమూ పెరుగుతుంది. ఒక్కటే ప్రతి ఉంటే తేడా ఒక్కటీ ఉండేది కాదు, సరిచూసుకునే దారీ ఉండేది కాదు. తేడాల్లో అత్యధికం అక్షరదోషాలు, పదాల వరుస మార్పులు. పెద్దవి కొన్ని ఉన్నాయి. మార్కు సువార్త చివరి పన్నెండు వచనాలు నాలుగో శతాబ్దపు రెండు ముఖ్యమైన ప్రతుల్లో లేవు. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ యోహాను సువార్త తొలి ప్రతుల్లో కనిపించదు. ఈ సంగతి సంఘాల్లో బహిరంగంగా చెప్పాలి. ఆ భాగాలు పక్కన పెట్టినా సిలువా పునరుత్థానమూ ఎక్కడికీ పోవు. 325లో సంఘ పెద్దలు కూడిన నైసియా సభలో రోమా చక్రవర్తి కూర్చుని పుస్తకాలను ఎంపిక చేయించాడన్న కథ కూడా తప్పే. ఆ సభ వాదించింది క్రీస్తు దైవత్వం గురించి, పుస్తకాల జాబితా గురించి కాదు.

అసలు గొడవంతా పునరుత్థానం దగ్గరే. యేసును సిలువ వేసింది సుమారు 30 లేదా 33లో. పౌలు కొరింథీయులకు రాసింది 55 ప్రాంతంలో. అందులో ఆయన సొంతంగా కథ చెప్పడం లేదు. తనకు అందిన సాక్ష్యాన్ని అప్పగిస్తున్నానంటూ ఒక పట్టిక ఇస్తాడు: కేఫాకు, అంటే పేతురుకు, కనబడ్డాడు, పన్నెండుగురికి కనబడ్డాడు, ఐదువందల మందికి పైగా కనబడ్డాడు, వాళ్లలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారు. పౌలు యెరూషలేము వెళ్లి కేఫాతో పదిహేను రోజులు ఉన్నాడు, యాకోబునూ కలిశాడు. ఆ సంగతి గలతీయులకు రాసిన పత్రికలో ఉంది. అంటే ఇది తరాల తర్వాత ఊరూరా తిరిగి పెరిగిన పురాణం కాదు. సాక్షులను ఎరిగినవాడి చేతిరాత.

"శోకంలో ఉన్నవాళ్లకు భ్రాంతి కలిగింది" అనేది ఇందుకు ప్రత్యర్థులు చెప్పే జవాబుల్లో అన్నింటికంటే గట్టిది. దాన్ని ఎగతాళి చేయకండి. జర్మన్ పండితుడు గెర్డ్ లూడెమన్ విశ్వాసం వదులుకున్న తర్వాత కూడా, పేతురూ శిష్యులూ యేసును సజీవుడిగా చూసిన అనుభవం పొందారన్నది చరిత్ర అని ఒప్పుకున్నాడు. అది దర్శనమే తప్ప పునరుత్థానం కాదన్నాడు. పేతురు వరకు ఈ వివరణ నిలబడుతుంది. తనకూ యేసు కనబడ్డాడన్న పౌలు సంగతేమిటి? అతను శోకంలో లేడు, సంఘాన్ని వేటాడే పనిలో ఉన్నాడు. ఆ పట్టికలోనే ఉన్న యాకోబు సంగతేమిటి? అన్న బతికుండగా తమ్ముళ్లు ఆయనను నమ్మలేదని యోహాను సువార్త చెబుతుంది. అలాంటి తమ్ముడు యెరూషలేము సంఘానికి పెద్ద అయ్యాడు, చివరకు రాళ్ల దెబ్బలతో చనిపోయాడు.

ఇంకో సంగతి. మెస్సీయగా, అంటే దేవుడు పంపిన రక్షకుడిగా, యూదు జనం నమ్మిన బర్ కోఖ్బా 135లో రోమా సైన్యంతో పోరాడి చనిపోయాడు. అతను తిరిగి లేచాడని అనుచరులెవరూ అనలేదు, ఆశ అక్కడితో ఆగిపోయింది. మెస్సీయ చనిపోతే ఉద్యమం చావడం, లేదా మరో నాయకుణ్ణి వెతుక్కోవడం, అదీ ఆ కాలపు ఆనవాయితీ. మాను మీద వేలాడినవాడు శాపగ్రస్తుడని ధర్మశాస్త్రం చదువుకున్న యూదులు, సిలువ మీద చచ్చినవాణ్ణే ప్రభువని ఎందుకు మొక్కారు? ఖాళీ సమాధిని ముందు చూసింది స్త్రీలని నాలుగు సువార్తలూ చెబుతున్నాయి. స్త్రీల సాక్ష్యం చెల్లదని జోసెఫస్ రాసిన కాలం అది. కథ అల్లేవాడు మగ్దలేనే మరియను కాక పేతురునో యోహానునో ముందు పంపి ఉండేవాడు. రెండో శతాబ్దంలో క్రైస్తవాన్ని విమర్శించిన సెల్సస్ సరిగ్గా ఈ విషయం మీదే వెటకారం చేశాడు.

శిష్యులందరూ హతసాక్షులయ్యారు, అంటే విశ్వాసం కోసం చంపబడ్డారు కాబట్టి ఇది నిజం అని మాత్రం వాదించకండి. పేతురు, పౌలు, జెబెదయి కుమారుడు యాకోబు, యేసు తమ్ముడు యాకోబుల మరణాలకు మంచి ఆధారాలున్నాయి, మిగతావారివి చాలావరకు తర్వాతి సంప్రదాయాలు. ఉన్నంతవరకే చెప్పండి, అది చాలు. ఇవన్నీ గణిత రుజువులు కావు. అద్భుతం అసాధ్యమని ముందే తీర్మానించుకున్నవాడికి ఏ సాక్ష్యమూ చాలదు. కానీ ఆ తీర్మానం చరిత్ర చదివి చేసింది కాదు, చదవకముందే చేసుకున్నది.

సైన్సు గురించి రెండే మాటలు. విశ్వం ఒక ఆరంభ స్థితి నుంచి విస్తరించిందన్న ఆలోచన ముందుకు తెచ్చినవారిలో ప్రముఖుడు జార్జ్ లెమేత్ర్, కాథలిక్ గురువు. 1951లో పోప్ ఆ సిద్ధాంతాన్ని సృష్టికి రుజువు అన్నట్టు మాట్లాడితే లెమేత్ర్‌కు నచ్చలేదు. తన సమీకరణాలను వేదాంతానికి అరువివ్వడానికి ఇష్టపడలేదు ఆయన. ఆ నిగ్రహం మనకూ కావాలి.

బాధ గురించిన ప్రశ్న వీటన్నింటికంటే పెద్దది, తెలివితేటలతో తోసేయలేనిది. దేవుడు మంచివాడూ సర్వశక్తిమంతుడూ అయితే చెడు ఉండటం తర్కవిరుద్ధమని 1955లో తత్వవేత్త జె. ఎల్. మెకీ వాదించాడు. మనుషులకు నిజమైన స్వేచ్ఛ ఉండాలంటే చెడుకు అవకాశం ఉండక తప్పదేమో, అలాంటప్పుడు ఇందులో వైరుధ్యం లేదని క్రైస్తవ తత్వవేత్త ఆల్విన్ ప్లాంటింగా జవాబిచ్చాడు. తర్కం వరకు ఈ జవాబు బలమైనదే. కానీ 1755 నవంబరు 1న, సకల పరిశుద్ధుల పండుగ ఉదయం, లిస్బన్‌లో భూమి కంపించింది. చర్చిల్లో ఆరాధనలో ఉన్నవాళ్ల మీద కప్పులు కూలాయి. ఆ భూకంపాన్ని ఏ మనిషి స్వేచ్ఛ ఖాతాలో వేస్తాం?

ఇక్కడ మనలో కొందరు చేసే పని నాకు కోపం తెప్పిస్తుంది. కష్టంలో ఉన్నవాడి దగ్గరకు వెళ్లి "నీలో ఏదో పాపం ఉంది" అంటారు. బైబిల్లో అన్నీ పోగొట్టుకుని బాధపడిన నీతిమంతుడు యోబుతో అతని స్నేహితులూ అదే అన్నారు. గ్రంథం చివర దేవుడు కోపగించింది యోబు మీద కాదు, దేవుణ్ణి వెనకేసుకొచ్చిన ఆ స్నేహితుల మీద! సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోతే, వాళ్లు మిగతావారికంటే ఎక్కువ పాపులా అని యేసే అడిగి, కాదని యేసే చెప్పాడు. చనిపోయిన మిత్రుడు లాజరు సమాధి దగ్గర, కాసేపట్లో అతణ్ణి లేపబోతున్నానని తెలిసి కూడా కన్నీళ్లు పెట్టుకున్నాడు. సిలువ మీద "నన్నెందుకు చేయి విడిచితివి" అని కీర్తనకారుడి మాటతో కేక వేశాడు. నాస్తికుడు అడిగే ప్రశ్న మన ప్రభువు నోటినుంచే వచ్చిందన్నమాట. బాధ ఎందుకు అన్నదానికి క్రైస్తవ విశ్వాసం పూర్తి వివరణ ఇవ్వదు. దేవుడు దానికి బయట కూర్చోలేదని చెబుతుంది. సిలువ మీద ఉన్నది దేవుడే కాకపోతే ఈ జవాబుకు విలువ లేదు, అందుకే మళ్లీ పునరుత్థానం నిజమా కాదా అన్న దగ్గరికే రావాలి.

సంఘం చేసిన తప్పులు చివర్లో పెట్టాను, చిన్నవని కాదు. 1204లో సిలువ గుర్తు వేసుకున్న సైన్యాలు కాన్‌స్టాంటినోపుల్ అనే క్రైస్తవ నగరాన్నే దోచుకున్నాయి. బానిసలను కొన్నవాళ్లూ, బానిసత్వంపై పోరాడినవాళ్లూ ఒకే బైబిలు తెరిచారు. వీటికి సాకులు వెతకొద్దు. "వాళ్లు నిజమైన క్రైస్తవులు కారు" అని తప్పించుకోవద్దు, అది మరీ చవకబారు జవాబు. మనవాళ్లే చేశారని ఒప్పుకోండి. ఆ తర్వాత ఆ పనులు యేసు బోధకు కట్టుబడి చేసినవా, దాన్ని తొక్కి చేసినవా అని అడగండి. అమెరికా ఆదివాసులపై స్పెయిన్ వలసపాలకుల క్రూరత్వాన్ని రాజు ముందుంచిన బర్తలోమె దె లాస్ కాసాస్ ఒక గురువు. మొదట్లో ఆఫ్రికా బానిసలను రప్పించమని సలహా ఇచ్చిందీ ఆయనే, తర్వాత అది ఘోరమని పశ్చాత్తాపపడిందీ ఆయనే. తమ తప్పును తామే తూచుకోవడానికి అలాంటివాళ్ల చేతిలో ఉన్న తూకం సువార్తే.

నరకం గురించీ, పాత నిబంధనలోని కనాను యుద్ధాల గురించీ, సువార్త వినకుండానే చనిపోయినవారి గురించీ నేనింకా ముట్టుకోలేదు. మిగిలిన సమయం మీదే. సభామర్యాద కోసం మెత్తని ప్రశ్నలు అడగకండి. నాస్తిక మిత్రులు ముందు మొదలుపెడితే నాకు సంతోషం.